ఇంట్లోనే ఉండే కేర్‌టేకర్, మంచంలో ఉన్న పెద్దవాళ్లు, కరోనా: కొన్ని అపోహలు, వాస్తవాలు

టీవీలో కేసులు పెరుగుతున్నాయని స్క్రోలింగ్ వస్తే చాలు, "అమ్మ ఒక్కతే ఉంది, ఇంట్లోనే ఉండిపోయే మనిషి కావాలి" అని మాకు ఫోన్లు మొదలవుతాయి. పిల్లలు హైదరాబాదుకో బెంగళూరుకో అమెరికాకో వెళ్లిపోయి పెద్దవాళ్లు మాత్రమే మిగిలిన ఇళ్లు నెల్లూరు, కావలి, ఒంగోలులో ఏ వీధిలో చూసినా ఉన్నాయి. రాష్ట్రంలో మొదటి కరోనా కేసు 2020 మార్చిలో బయటపడింది కూడా నెల్లూరులోనే. నేను నర్సుని. ఇళ్లలో ఉండి పెద్దవాళ్లను చూసుకునే ఆడవాళ్లకు పని నేర్పి పంపుతుంటాను. అప్పటి నుంచి ఇప్పటిదాకా పదేపదే వింటున్న మాటలకు ఇక్కడ జవాబు రాస్తున్నాను.

అపోహ: మనిషి ఇంట్లోనే ఉంటుంది కాబట్టి ఇక భయం లేదు.

వాస్తవం: రోజూ వచ్చిపోయే మనిషి కంటే ఇంట్లో ఉండిపోయే మనిషి వల్ల రిస్కు తగ్గుతుంది, నిజమే. కానీ పూర్తిగా పోదు. కరోనా ముఖ్యంగా గాలి ద్వారా అంటుకుంటుంది. పాల ప్యాకెట్లను సబ్బునీళ్లతో కడిగిన ఇళ్లలోనే, పలకరించడానికి వచ్చిన బంధువును మాస్కు లేకుండా మంచం పక్కన కుర్చీ వేసి కూర్చోబెట్టారు. ప్యాకెట్ మీద పెట్టిన శ్రద్ధ ఆ కుర్చీ మీద పెట్టాల్సింది. వచ్చినవాళ్లను వరండాలోనే కూర్చోబెట్టండి, లోపలికి రావాల్సివస్తే మాస్కు అడగండి. మొహమాటపడకండి.

ఇంకో సంగతి, కిటికీలు. మన నెల్లూరు ఎండలు తెలిసిందే. రోహిణి కార్తెలో కిటికీలన్నీ మూసి ఏసీ వేస్తాం. స్ప్లిట్ ఏసీ బయటి గాలిని తీసుకురాదు, గదిలో ఉన్న గాలినే చల్లబరిచి మళ్లీ తిప్పుతుంది. కాబట్టి పొద్దున, సాయంత్రం ఎదురెదురుగా ఉన్న కిటికీ, తలుపు తెరిచి ఫ్యాను వేయండి. ఏసీ తప్పనిసరైతే కిటికీ ఒక రెక్క కొంచెం తీసి ఉంచండి. కరెంటు బిల్లు పెరుగుతుంది, పెరగనివ్వండి.

అపోహ: టెస్టులో నెగెటివ్ వచ్చింది, వెంటనే పనిలో పెట్టుకోవచ్చు.

వాస్తవం: అంటుకున్న మొదటి రెండు మూడు రోజుల్లో టెస్టులో దొరక్కపోవచ్చు. కొత్తగా వచ్చినామె మొదటి వారం ఇంట్లో కూడా మాస్కుతోనే పనిచేయాలి, విడిగా తినాలి. చుట్టుపక్కల కేసులు ఎక్కువగా ఉన్నప్పుడు మనుషుల్ని తరచూ మార్చకండి.

అపోహ: జీతం ఇస్తున్నాం, ఇంట్లోనే ఉంటోంది, ఇరవైనాలుగు గంటలూ డ్యూటీయే.

ఇది ఒక్కటి మారితే మిగతావి సగం సర్దుకుంటాయని నా గట్టి నమ్మకం. మంచం పట్టిన మనిషిని రాత్రిళ్లు కూడా దాదాపు రెండు గంటలకోసారి పక్కకు తిప్పాలి, లేకపోతే వీపు మీద, తుంటి దగ్గర పుండ్లు పడతాయి. డైపర్ మార్చాలి, యూరిన్ పైపు చూడాలి. ఇవన్నీ ఒక్క మనిషే చేసి, మళ్లీ తెల్లవారుజామునే లేచి ఇడ్లీ పెట్టి, గదులు తుడవాలంటే ఎన్నాళ్లు చేయగలదు? నిద్ర లేని మనిషి బీపీ మాత్ర రెండుసార్లు వేస్తుంది, ముక్కు గొట్టంలో పాలు పోసేముందు తల ఎత్తిపెట్టడం మరిచిపోతుంది. పగలు కొన్ని గంటలు కచ్చితంగా ఆమెవి కావాలి. పడుకోవడానికి చోటు, ఇంటికి వీడియో కాల్ చేసుకోవడానికి వైఫై ఉండాలి. రాత్రిళ్లు లేచే పని ఎక్కువుంటే ఇద్దరు కావాలి, లేదా ఇంట్లోవాళ్లు ఒకరు వంతు తీసుకోవాలి.

దీనికే ముడిపడిన విషయం, జ్వరం వస్తే జీతం కోయడం. పొదిలి, కనిగిరి వైపు పల్లెల నుంచి వచ్చి, ఆ జీతంతోనే పిల్లల్ని చదివించుకుంటున్న మనిషికి "జ్వరమొస్తే ఆ రోజులు లెక్కలో రావు" అని చెబితే ఏం చేస్తుంది? పారాసిటమాల్ మింగి, ఒళ్లు వేడి తెలియకుండా పెద్దాయనకు అన్నం పెడుతుంది. తప్పు ఆమెది కాదు. "ఒంట్లో బాగాలేకపోతే చెప్పు, జీతం ఆగదు" అని మొదటి రోజే నోటితో చెప్పండి. నేను చూసినంతలో, మీ అమ్మగారికి ఇంతకంటే మంచి రక్షణ లేదు.

అపోహ: జ్వరం, దగ్గు లేవు కాబట్టి కరోనా కాదు.

వాస్తవం: ముసలివాళ్లలో జ్వరం రాకపోవచ్చు. నిన్నటిదాకా రెండు ఇడ్లీలు తిన్న అవ్వ ఈరోజు ఒక్క ముక్క నోట్లో పెట్టుకుని నమలకుండా అలాగే ఉంచుకుంటుంది. పగలంతా మగతగా ఉంటుంది. కొడుకుని చూసి "ఎవరు నాయనా నువ్వు?" అంటుంది. బాత్రూమ్‌కి వెళ్తూ పడిపోతుంది. వీటిని "వయసు అయిపోయింది" అని వదిలేయకండి, టెస్టు చేయించండి. ఇలాంటి మార్పును ముందు పట్టుకునేది పక్కనే ఉండే కేర్‌టేకరే, కాబట్టి ఆమె "ఏదో తేడాగా ఉందమ్మా" అంటే వినండి.

వేలికి పెట్టి రక్తంలో ఆక్సిజన్ శాతం చూసే పల్స్ ఆక్సీమీటర్ పెట్టేటప్పుడు వేలు వెచ్చగా ఉండాలి, గోరు మీద పాలిష్ ఉండకూడదు, అంకె నిలకడగా నిలిచేదాకా ఆగాలి. బాగున్న రోజుల్లో ఎంత ఉంటుందో ముందే ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి. పాత ఊపిరితిత్తుల జబ్బు ఉన్నవాళ్లకు ఆ అంకె మామూలుగానే తక్కువ ఉండొచ్చు. మిగతావాళ్లకు 94 కంటే తగ్గితే వెంటనే డాక్టరుతో మాట్లాడాలి. 90 కంటే తగ్గితే ఆలస్యం చేయకుండా 108కి ఫోన్ చేయాలి. ఆయాసం కనిపించకపోయినా సరే.

అపోహ: గ్లౌజులు వేసుకుంటే చాలు.

పొద్దున వేసుకున్న గ్లౌజుతోనే డైపర్, తలుపు గడియ, మంచినీళ్ల గ్లాసు అన్నీ ముట్టుకుంటే దానివల్ల లాభం లేదు. మలమూత్రాలు, పుండ్లు, పైపుల దగ్గర గ్లౌజు వేసుకోవాలి, ఆ పని కాగానే తీసి పారేయాలి, చేతులు సబ్బుతో కడుక్కోవాలి.

మాస్కుతో మాత్రం ఒక చిక్కు ఉంది. చెవుడు ఉన్నవాళ్లు ఎదుటివాళ్ల పెదవులు చూసి మాట అర్థం చేసుకుంటారు. ఇంట్లోవాళ్లంతా మాస్కు వేసుకునేసరికి ఒక పెద్దామె ఎవరూ తనతో మాట్లాడటం లేదనుకుని తిండి మానేసింది. అక్కడున్న అమ్మాయి పిల్లల పలక ఒకటి తెప్పించి "అవ్వా, అన్నం తిందామా?" అని పెద్ద అక్షరాలతో రాసి చూపించింది. పెద్దామె బలపం అడిగి తీసుకుని కింద "చారు" అని రాసింది.

అపోహ: శానిటైజర్ ఎంత వాడితే అంత మంచిది.

సబ్బు, నీళ్లు ఉన్న ఇంట్లో దాని అవసరం తక్కువ. మతిమరుపు ఉన్నవాళ్లు, మద్యం అలవాటున్నవాళ్లు ఉంటే సీసాను బీరువాలో పెట్టి తాళం వేయండి. 2020 జులై చివర్లో ప్రకాశం జిల్లా కురిచేడులో శానిటైజర్ తాగి ఎంతమంది చనిపోయారో మనకు గుర్తుంది. చేతులకు రాసుకుని, ఆరకముందే పూజగదిలో దీపం వెలిగించకండి.

అపోహ: ముందు జాగ్రత్తగా మందులు వాడేస్తే పోలా?

స్టెరాయిడ్లు ఆక్సిజన్ అవసరమైన రోగులకే మేలు చేస్తాయని 2020లోనే తేలింది. అవసరం లేకుండా వాడితే షుగర్ పెరుగుతుంది. 2021లో బ్లాక్ ఫంగస్, అంటే ముక్కు, కళ్లలోకి పాకే బూజు జబ్బు, అలా ఎంతమందిని పట్టుకుందో చూశాం. నెల్లూరు జిల్లా కృష్ణపట్నంలో ఆనందయ్య కరోనాకంటూ పంచిన మూలికల మందుకు ప్రభుత్వం అనుమతి ఇచ్చినప్పుడు కూడా డాక్టర్లు రాసిన మందులు ఆపొద్దనే చెప్పింది. బీపీ, షుగర్, థైరాయిడ్ మాత్రలు ఒక నెలకు సరిపడా ఇంట్లో ఉండాలి.

అపోహ: కేర్‌టేకర్‌కి కరోనా వస్తే వెంటనే ఊరికి పంపేయాలి.

వాస్తవం: బస్సెక్కిస్తే ఆ బస్సులోవాళ్లకూ, ఊళ్లో ఆమె తల్లికీ అత్తకూ అంటుతుంది. వీలుంటే మీ ఇంట్లోనే ఒక గది, వేళకు భోజనం, ఆక్సీమీటర్, జీతం ఇవ్వండి. గది లేకపోతే దగ్గర్లో ఉండేందుకు చోటు చూడండి, పరిస్థితి బాగాలేకపోతే ఆసుపత్రిలో చేర్పించండి. పెద్దవాళ్లకు టెస్టు చేయించండి. ఆ రోజుల్లో వాళ్లను ఎవరు చూసుకుంటారో, ఆసుపత్రికి వెళ్లాల్సివస్తే పక్కన ఎవరు ఉంటారో ఇప్పుడే మాట్లాడుకుని, రెండు పేర్లు, రెండు ఫోన్ నంబర్లు ఫ్రిజ్ మీద అంటించండి. అందులో ఒకరైనా అరగంటలో మీ ఇంటికి రాగలిగినవాళ్లు అయి ఉండాలి.