రాడ్డు ఎముకను పెంచదు: కాలు పొడవు ఆపరేషన్ ముందు టెస్టులపై అపోహలు - వాస్తవాలు

విశాఖలో ఎముకల డాక్టరుగా నా దగ్గరికి కాలు పొడవు పెంచుకోవడానికి వచ్చేవాళ్లు రెండు రకాలు. చిన్నప్పుడు పోలియో వచ్చో, తుంటి కీలులో చీము పట్టో, విరిగిన ఎముక వంకరగా అతుక్కునో ఒక కాలు పొట్టయినవాళ్లు కొందరు. రెండు కాళ్లూ బాగానే ఉన్నా మూడంగుళాలు ఎత్తు పెరగాలనుకునే కుర్రాళ్లు మిగతావాళ్లు. ఎవరైనా ముందు అడిగేది ఎముక లోపల పెట్టే రాడ్డు ఏ కంపెనీది, ఖర్చెంత అని. రక్త పరీక్షలు రాస్తే మాత్రం మొహం ముడుచుకుంటుంది.

అపోహ: ఎముకను పెంచేది కాలి చుట్టూ బయట బిగించే రింగు, లోపలి రాడ్డు. టెస్టులు బిల్లు కోసం.

మేం చేసేది ఎముకను కోసి, వారం అటూ ఇటూ ఆగి, రెండు ముక్కలనూ రోజుకు ఒక మిల్లీమీటరు చొప్పున ఎడం చేయడం. సైబీరియాలోని కుర్గాన్‌లో డాక్టర్ ఇలిజారోవ్ 1950ల్లో మొదలుపెట్టిన పద్ధతి ఇది. రింగు వేయించుకున్నవాళ్లు నట్టును రోజుకు నాలుగుసార్లు, పావు మిల్లీమీటరు చొప్పున తిప్పుకుంటారు. ఆ ఖాళీని నింపాల్సింది మాత్రం వాళ్ల ఒళ్లే. కొన్ని వారాలకు ఎక్స్‌రేలో అక్కడ దూదిపింజెను సాగదీసినట్టు పల్చటి తెల్లటి గీతలు రావాలి. రాకపోతే నట్టు నెమ్మదిగా తిప్పిస్తాం, లేదా ఆపేస్తాం, ఒక్కోసారి వెనక్కి తిప్పిస్తాం. 5 సెంటీమీటర్లు జరపడానికి 50 రోజులు, అది గట్టిపడటానికి అంతకు రెట్టింపో ఇంకా ఎక్కువో. అన్ని నెలలు పనిచేసే సరుకు ఒంట్లో ఉందా అని చూసేవే ఈ టెస్టులు.

అపోహ: కాల్షియం నార్మల్ వచ్చింది, ఎముక గట్టిదే.

ఈ పొరపాటు నేనూ చేశాను. ప్రాక్టీసు పెట్టిన కొత్తలో రిపోర్టులో కాల్షియం 9.4 చూసి ధైర్యంగా ఆపరేషన్‌కు దిగాను. నెల దాటినా ఎక్స్‌రేలో ఖాళీ నల్లగానే ఉంది. అప్పుడు చేయిస్తే డి విటమిన్ 8, కనీసం 20 ఉండాల్సింది. గుండెకూ నరాలకూ కాల్షియం లేకపోతే క్షణం గడవదు కాబట్టి, డి విటమిన్ లేక తిండిలోని కాల్షియం ఒంటికి పట్టక తక్కువైనప్పుడల్లా మెడలోని పారాథైరాయిడ్ గ్రంథి ఎముకలోంచి లాగి రక్తంలో పోస్తుంది. ఇంట్లో బంగారం తాకట్టు పెట్టి వీధిలో పరువు నిలబెట్టుకున్నట్టన్నమాట. అందుకే ఇప్పుడు కాల్షియంతో పాటు ఫాస్ఫరస్, ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ (ఎముక తయారయ్యేచోట పెరిగే ఎంజైమ్), డి విటమిన్, పీటీహెచ్ (ఆ పారాథైరాయిడ్ గ్రంథి వదిలే హార్మోన్) కలిపి చూడందే తేదీ ఇవ్వను. పిల్లల్లో ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ పెద్దవాళ్లకంటే ఎక్కువే ఉంటుంది, ఎదుగుతున్న ఎముక కదా. ల్యాబువాళ్లు దాని పక్కన స్టార్ గుర్తు పెట్టారని టెన్షన్ పడొద్దు.

అపోహ: రోజూ పొద్దున్నే బీచ్‌లో నడుస్తాను, నాకు డి విటమిన్ తక్కువేంటి?

విశాఖలో వారానికి ఒక్కసారైనా వినే మాట. ఆరింటికి ఆర్కే బీచ్‌లో సూర్యుడు ఇంకా నీళ్లమీదే ఉంటాడు. ఆ ఏటవాలు ఎండలో డి విటమిన్ తయారుచేసే కిరణాలు దాదాపు ఉండవు. అవి బాగా ఉండేది పదకొండు నుంచి రెండు దాకా. మన ఉక్కపోతలో ఆ టైముకి చర్మానికి ఎండ తగిలేలా ఎవరు నిలబడతారు? నడక మంచిదే, మానకండి.

20 కంటే తక్కువుంటే లోపమే. 60,000 యూనిట్ల పౌడర్ మామూలుగా వారానికి ఒకటి, ఎనిమిది వారాలు రాస్తాం. ఆ తర్వాత మళ్లీ టెస్టు. త్వరగా పెరుగుతుందని రోజుకొకటి వేసుకునేవాళ్లున్నారు. అలా చేస్తే రక్తంలో కాల్షియం పెరిగిపోయి వాంతులు పట్టుకుంటాయి, కిడ్నీలు దెబ్బతింటాయి.

అపోహ: డెక్సా స్కాన్ చేయిస్తే అంతా తెలిసిపోతుంది.

డెక్సా అంటే ఎముక సాంద్రత కొలిచే స్కాన్, అది సాధారణంగా చూసేది నడుము, తుంటి. పోలియో కాలిలో పిక్క ఎముక పెన్సిల్‌లా సన్నబడి ఉన్నా నడుము రిపోర్టు బాగానే రావచ్చు. ఫ్లోరైడ్ నీళ్లు తాగి పెరిగినవాళ్లకు సాంద్రత ఎక్కువ చూపిస్తుంది గానీ ఆ ఎముక పెళుసు. ఆరోగ్యంగా ఉన్న పాతికేళ్ల కుర్రాడికి నేనైతే రాయను. ఏళ్లతరబడి స్టెరాయిడ్లో, ఫిట్స్ మందులో వాడినవాళ్లకు రాస్తాను.

అపోహ: సిగరెట్ మానేశాను, ఖైనీ వేస్తే ఏం కాదు.

కొత్త ఎముకను ఆపేది నికోటిన్, అది ఖైనీలోనూ ఉంది. చుట్ట మండే కొసను నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగే మా ఉత్తరాంధ్ర అమ్మమ్మలకూ ఇదే వర్తిస్తుంది.

అపోహ: ఊరు పేరుతో డాక్టరుకేం పని?

‘మీదే ఊరు?’ అంటే కొందరు అనుమానంగా చూస్తారు. కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న శ్రీకాకుళం జిల్లా ఉద్దానం అంటే ముందు కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ చూస్తాను. డి విటమిన్‌ను ఒంటికి పనికొచ్చేలా మార్చేది కిడ్నీయే, అది మొరాయిస్తే ఎన్ని పౌడర్లు తాగినా ఎముకకు చేరేది తక్కువ. అరకు, పాడేరు వైపైతే సికిల్ సెల్ టెస్టు రాస్తాను, అక్కడి గిరిజనుల్లో ఎక్కువగా కనిపించే వంశపారంపర్య రక్త జబ్బు అది. ఆ జబ్బు ఉంటే రక్తం ఆపడానికి కాలికి బిగించే టూర్నికే దగ్గర్నుంచి మత్తు దాకా మత్తు డాక్టరుతో ముందే మాట్లాడుకోవాలి. అందుకే మొదటిరోజే ఊరు చెప్పండి, ఇంట్లో ఎవరికైనా డయాలసిస్ జరుగుతుంటే అదీ చెప్పండి, వాడే మందుల చీటీలన్నీ వెంట తెచ్చుకోండి.