జుర్రుకున్నా తిట్టని చోటు

చిట్టీ, నానిగా,

"తాతయ్యా, జపాన్‌లో అందరూ జుర్రుమని చప్పుడు చేస్తూ తింటారట, వాళ్లమ్మలు వీపు విమానం మోత మోగించరా?" అని అడిగావు కదరా నానీ. మోగించరు. నిన్న రాత్రి మీ బాబాయి రామెన్, అంటే వేడి రసంలో వేసిచ్చే నూడుల్స్, అమ్మే కొట్టుకి తీసుకెళితే నా చెవులతో విన్నాను.

మేముండేది టోక్యోలో నిషి కసాయ్ అనే పేట. మనవాళ్లు చాలామంది ఉంటారిక్కడ. మా సందు చివర కొట్టు మన వరండా అంతే ఉంటుంది. గుమ్మానికి గుడ్డ తెర వేలాడుతుంటే తెరిచినట్టు, లోపలికి తీసేస్తే మూసినట్టు. మిషన్లో డబ్బులేసి మీట నొక్కితే చీటీ వస్తుంది. వంటగట్టుకి ఆనించి ఎనిమిది స్టూళ్లు, అంతే. వండే ఆయన మన ఎదురుగానే ఉంటాడు.

మా అమ్మ కట్టెల పొయ్యి దగ్గర అట్లు పోసినట్టే అనుకోండి. మేం నలుగురం చుట్టూ పీటలేసుకుని కాచుక్కూర్చునేవాళ్లం. కళ్లు పొగకి మండుతున్నా ఎవడూ లేచేవాడు కాదు, లేస్తే వంతు పోతుంది. మా తమ్ముడు గోళీలు లెక్కపెట్టుకుంటూ కూర్చుంటే వాడి అట్టు నా కంచంలో పడేది. వాడు ఏడ్చేవాడు, నేను గబగబా మింగేవాణ్ని.

ఇక్కడా అంతే. అట్లపిండి ముందురోజే రుబ్బి ఉంచినట్టు, ఎముకల రసం గంటల తరబడి కాగి సిద్ధంగా ఉంటుంది. అట్టుకి పచ్చడి ఎంతో రసానికి 'తారె' అంత. సోయా సాసుతోనో, ఉప్పుతోనో, మిసో అనే పులియబెట్టిన సోయా ముద్దతోనో చేసిన చిక్కటి సరుకది. ముందు గిన్నె అడుగున గరిటెడు పోసి, దాని మీద రసం పోస్తారు. పొడుగు పిడి జల్లెడలో ఒక్కరికి సరిపడా నూడుల్స్ ఉడికించి, నీళ్లు పోయేదాకా ఫట్‌ఫట్‌మని విదిలించి అందులో వేస్తాడాయన. పిండిలో కన్సుయ్ అనే క్షారపు నీళ్లు కలుపుతారు కాబట్టి అవి పసుపుపచ్చగా, సాగుతూ ఉంటాయి. పైన కోడిమాంసం, గుడ్డు, ఉల్లికాడలు.

మరి జుర్రడం? అట్టునెవడు జుర్రుతాడు! నా పోలిక తిరగేయబోతే చిరిగింది. సరే, సూటిగా చెబుతాను. రసం సలసలా మరుగుతూ వస్తుంది. చల్లారేదాకా ఆగితే నూడుల్స్ నాని మెత్తబడతాయి. జుర్రితే వాటితోపాటు గాలీ నోట్లోకి పోయి వేడి తగ్గిస్తుంది, వాసన ముక్కుకెక్కుతుంది. బయట జనం నిలబడి ఉంటారు కాబట్టి తినగానే లేచిపోవాలి. ఫోను చూసుకుంటూ కూర్చోవడం మర్యాద కాదు. చిట్టీ, ఇది నీక్కూడా.

అన్నట్టు, మీరు తినే ప్యాకెట్ నూడుల్స్ కూడా ఇక్కడివే. 1958లో అందో మొమొఫుకు అనే ఆయన, ఒసాకా దగ్గర ఇకెదాలో తన ఇంటి వెనక పాకలో కూర్చుని కనిపెట్టాడు. ఉడికిన నూడుల్స్‌ని నూనెలో వేయిస్తే నీరంతా ఆవిరై, సన్నసన్న రంధ్రాలు మిగులుతాయి. వేణ్నీళ్లు పోస్తే మళ్లీ వాటిలోంచే లోపలికి పోతాయి. ఇంత చిన్న సంగతి ప్రపంచమంతా తిరిగొచ్చింది చూడండి!

ఈ ఆదివారం మీ అమ్మని నూడుల్స్‌లో నీళ్లు కాస్త ఎక్కువ పోయమనండి. సగం వేడిగా జుర్రుకోండి. మిగతా సగం మూతపెట్టి పావుగంటయ్యాక తీసి చూడండి. నీళ్లెక్కడికి పోయాయో, నూడుల్స్ ఎంత లావెక్కాయో నాకు రాయండి. చప్పుడేమిటని అమ్మ కేకలేస్తే నా పేరు చెప్పండి.

మీ తాతయ్య