గోల్డ్ నానోరాడ్లు ఎలా పెరుగుతాయి: ల్యాబుల్లో తిరిగే అపోహలు, వాస్తవాలు

ఎమ్మెస్సీ ప్రాజెక్టుకి వచ్చే పిల్లల్ని గోల్డ్ నానోరాడ్, అంటే నానోమీటర్లలో కొలిచే బుల్లి బంగారు కడ్డీ, ఎలా పెరుగుతుందో బోర్డు మీద గీయమంటే దాదాపు అందరూ ఒకటే బొమ్మ గీస్తారు. సర్ఫాక్టెంట్ (సబ్బు లాంటి పదార్థం) ఒక సన్నటి గొట్టం, అందులో బంగారం నిండుతుంది, గొట్టం కడిగేస్తే రాడ్డు చేతికొస్తుంది. పాత సెమినార్ స్లైడ్ల పుణ్యం ఇది, ముందు దీని సంగతే చూద్దాం.

అపోహ: మిసెల్ (సర్ఫాక్టెంట్ అణువులు నీళ్ళలో గుంపు కట్టిన బుల్లి ముద్ద) అచ్చు, దాని ఆకారమే రాడ్డుకి వస్తుంది.

వాస్తవం: సైజులు పక్కపక్కన పెడితే చాలు. ఈ పనికి వాడే సర్ఫాక్టెంట్ పేరు సీటాబ్, దాని మిసెల్ అడ్డంగా ఓ 4-5 నానోమీటర్లు ఉంటుంది, సీడ్ (ముందే చేసి పెట్టిన బుల్లి బంగారు స్ఫటికం) వేసి పెంచే రాడ్డు మందమేమో 15-20 నానోమీటర్ల దాకా వస్తుంది, మరి అంత లావుది అందులో ఎలా పట్టింది? పట్టలేదు. స్ఫటికం పక్క ముఖాల మీద బ్రోమైడ్ అయాన్లు కూర్చుంటాయి, వాటి మీద సీటాబ్ రెండు పొరలుగా కప్పేస్తుంది, చివర్లలో ఆ కప్పు కాస్త వదులు, కొత్తగా వచ్చే బంగారానికి దారి దొరికేది అక్కడే కాబట్టి పొడవు పెరిగినంత లావు పెరగదు. సిల్వర్ నైట్రేట్ వేయకుండా పెంచిన పొడవాటి రాడ్లయితే సీడ్ నుంచే 5 ముక్కలు అద్దంలో బొమ్మల్లా ఎదురెదురుగా అతుక్కున్న ట్విన్ స్ఫటికాలు, అంటే ఆకారం సగం సీడ్‌లోనే తేలిపోయింది.

అలాగని అచ్చు పద్ధతి లేనే లేదని కాదు. సర్ఫాక్టెంట్ చుట్టూ సిలికా కట్టి, సర్ఫాక్టెంట్‌ని కాల్చేసి, మిగిలిన రంధ్రాల్లో లోహం నింపితే అది నిజంగా అచ్చే. 1992లో వచ్చిన ఎంసీఎం-41, 1998లో వచ్చిన ఎస్‌బీఏ-15 అనే రంధ్రాల సిలికాలు ఆ బాపతు. కానీ అక్కడ కూడా లోహానికి అచ్చు సిలికా, సర్ఫాక్టెంట్ ఎప్పుడో పోయింది.

అపోహ: సబ్బు లాంటిదే కదా, ఏ కంపెనీ సీటాబ్ అయినా ఒకటే.

ఇది నమ్మి నెలలు పోగొట్టుకున్నవాళ్ళు ప్రపంచమంతా ఉన్నారు. 2008-09లో టెక్సాస్ యూనివర్సిటీ, ఆస్టిన్‌లో కోర్గెల్ గ్రూపు వేర్వేరు సప్లయర్ల సీటాబ్ తెచ్చి ఒకే రెసిపీ నడిపితే కొన్నింటితో రాడ్లే రాలేదు, అన్నీ గుండ్రటి పార్టికల్సే. కారణం సీటాబ్‌లో చాలా కొద్దిగా కలిసిన అయోడైడ్. అది బంగారానికి బ్రోమైడ్ కన్నా గట్టిగా అతుక్కుంటుంది, దాంతో రాడ్డుగా సాగాల్సిన పెరుగుదల ఆగిపోతుంది. లేబుల్ మీద 99 శాతం అని ఉన్నా ఆ మిగతా 1 శాతంలో ఏముందో చెప్పరు కాబట్టి, నోట్‌బుక్‌లో కంపెనీ పేరుతో పాటు లాట్ నంబర్ కూడా రాయండి, బద్ధకించకండి.

అపోహ: "అక్కా, ద్రావణం రంగు పోయింది, పాడైనట్టే కదా, పారబోసేయనా?"

ఆగండి! ఆస్కార్బిక్ యాసిడ్ (విటమిన్ సి) పడగానే, బంగారు లవణం, సీటాబ్ కలిపిన పసుపు-నారింజ గ్రోత్ ద్రావణం నీళ్ళలా అయిపోవడమే కరెక్టు. బంగారం మూడో ఆక్సీకరణ స్థితి నుంచి ఒకటికి దిగింది, ఈ పరిస్థితుల్లో ఆస్కార్బిక్ యాసిడ్ తనంతట తాను అక్కడి నుంచి లోహం దాకా తేలేదు, సీడ్ ఉపరితలం దొరికితేనే మిగతా పని జరుగుతుంది. సీడ్ వేశాక 10-20 నిమిషాల్లో మెల్లగా రంగు తిరుగుతుంది, నీలమో గోధుమ రంగో రాడ్డు పొడవుని బట్టి. సీడ్ వేయకముందే రంగొస్తే మాత్రం భయపడాలి, గాజుసామాను సరిగ్గా కడగలేదన్నమాట.

ఇంకోటి, డిసెంబర్లో పొద్దున్నే హైదరాబాద్ ల్యాబుల్లో కూడా సీటాబ్ బాటిల్ అడుగున తెల్లటి సూదులు కనిపిస్తాయి. పాడవలేదు, 25 డిగ్రీల కిందకి దిగితే స్ఫటికాలు కడుతుంది అంతే. 30 డిగ్రీల నీళ్ళలో పెట్టి నెమ్మదిగా తిప్పండి, కుదపకండి, నురగ వచ్చిందంటే ఇక పిపెట్‌తో కొలత కుదరదు.

అపోహ: ఎంత ఎక్కువ కడిగితే అంత ప్యూర్.

వాస్తవం: విడిగా తిరిగే సీటాబ్ జీవకణాలకి విషమే, అందుకే బయాలజీ వాళ్ళకి ఇచ్చేముందు సెంట్రిఫ్యూజ్ చేసి తీసేయాలి. కానీ గ్రోత్ ద్రావణంలో 0.1 మోలార్ ఉన్నది కడుగుతూ కడుగుతూ 1 మిల్లీమోలార్ కిందకి, అంటే మిసెల్ కట్టే హద్దు కిందకి వచ్చేసరికి రాడ్ల మీది రెండు పొరలూ వదులవుతాయి, రాడ్లు ఒకదానికొకటి అంటుకుని అడుగున నల్లటి ముద్ద మిగులుతుంది, అది మళ్ళీ విడదు. మామూలుగా రెండు సార్లు చాలు. ఇంకా తగ్గించాలంటే ముందు పెగ్-థయోల్ (బంగారానికి గట్టిగా అతుక్కునే పాలిమర్) లాంటిది రాడ్ల మీద ఎక్కించి అప్పుడు కడగండి. పైన తేలిన నీళ్ళు సింకులో పోయకండి, సీటాబ్ చేపలకి కూడా విషమే, వేస్ట్ క్యాన్‌లోకే పోవాలి.