మస్క్యులర్ డిస్ట్రోఫీకి వ్యాయామం మంచిదా చెడ్డదా: ఈ గందరగోళం ఎక్కడ మొదలైంది

పిల్లాడికి మస్క్యులర్ డిస్ట్రోఫీ, అంటే కండరాలు క్రమంగా క్షీణించే జన్యు జబ్బు, అని తేలగానే ఇంటికి రెండు సలహాలు వచ్చి పడతాయి. ఒకరేమో "వాణ్ణి అస్సలు అలసిపోనివ్వకండి" అంటారు. ఇంకొకరు "రోజూ గుంజీలు తీయించండి, కాళ్లకు బలం అదే వస్తుంది" అంటారు. మా అక్క కొడుక్కి డ్యూషెన్ రకం (ఎక్కువగా మగపిల్లలకు చిన్నప్పుడే మొదలయ్యే తీవ్రమైన రకం) అని తెలిసినప్పుడు మేం ఈ రెండింటి మధ్యా నలిగిపోయాం. అప్పటికే స్కూల్లో, పరుగులో వెనకబడుతున్నాడని, అది బద్ధకమని, వాడిచేత గుంజీలు తీయించేవాళ్లు కూడా. ఈ రెండు సలహాల వెనకా చాలా ఏళ్ల చరిత్ర ఉందని ఆ తర్వాత చదివితే తెలిసింది.

మొదట ఆ "బద్ధకం" మాట సంగతి. ఈ పిల్లల పిక్కలు లావుగా, గట్టిగా కనిపిస్తాయి, చూసినవాళ్లు పిల్లాడు బలంగానే ఉన్నాడుగా అంటారు. ఫ్రాన్స్ వైద్యుడు డ్యూషెన్ 1868లో 13 మంది రోగుల గురించి వివరంగా రాసినప్పుడు ఈ లావునే ముఖ్య లక్షణంగా చూపించాడు. ఆ పిక్కల్లో కండరం పాడైపోతూ దాని చోట కొవ్వు, పీచు లాంటి కణజాలం చేరుతుంది, అంటే ఆ లావు బలం కాదు. 1879లో లండన్‌లో గవర్స్ అనే వైద్యుడు, ఈ పిల్లలు నేల మీంచి లేచేటప్పుడు తమ తొడల మీద తామే చేతులు ఊనుకుంటూ పైకి ఎలా పాకుతారో రాశాడు. ఇప్పటికీ డాక్టర్లు పిల్లాణ్ణి కింద కూర్చోబెట్టి లేవమనేది దానికోసమే.

"అలసిపోనివ్వకండి" అన్న మాటకు వేరే మూలం ఉంది, అది పోలియో నుంచి వచ్చింది. 1958లో అమెరికాలో బెన్నెట్, నోల్టన్ అనే ఇద్దరు, పోలియో వల్ల నరాల సరఫరా సగం తెగిన కండరాలు మితిమీరి పనిచేస్తే ఇంకా బలహీనపడతాయని రాశారు. తర్వాత 1971లో జాన్సన్, బ్రాడమ్ అనే వైద్యులు, ముఖం, భుజాల కండరాలు తగ్గిపోయే రకం డిస్ట్రోఫీ ఉన్న ఒక కుటుంబాన్ని పరిశీలించి, వాళ్లు ఎక్కువగా వాడే చెయ్యే ఎక్కువ బలహీనపడిందని గమనించారు. వాడకమే కారణమని దానితో రుజువైపోదు, చూసింది ఒక్క కుటుంబాన్నే. అయినా ఆ భయం పాకిపోయింది, చాలా మంది డాక్టర్లు విశ్రాంతే మేలనడం మొదలుపెట్టారు. విశ్రాంతి వల్ల జరిగే నష్టం కూడా తక్కువేం కాదు. కాలు విరిగి కొన్ని వారాలు పిండికట్టుతో మంచం మీదున్న డ్యూషెన్ పిల్లాడు ఆ తర్వాత మళ్లీ నడవలేకపోవడం ఇలాంటి పిల్లల్ని చూసే డాక్టర్లందరికీ తెలిసిన విషయమే.

నిజానికి వ్యాయామం చేయించి చూసినవాళ్లు అప్పటికే ఉన్నారు. 1966లో అమెరికాలో విగ్నోస్, వాట్కిన్స్ వేర్వేరు రకాల డిస్ట్రోఫీ ఉన్నవాళ్లతో ఏడాది పాటు బరువుల వ్యాయామం చేయించారు. మొదటి నెలల్లో బలం కొంత పెరిగింది, అదీ మొదట్లో బలం ఎక్కువగా మిగిలి ఉన్న కండరాల్లోనే. 1979లో జరిగిన పరీక్ష నాకు మరీ నచ్చింది: నలుగురు డ్యూషెన్ అబ్బాయిలు, ఒక్కొక్కరికీ ఒక తొడకు మాత్రమే వ్యాయామం, అదీ పూర్తి శక్తి పెట్టకుండా, రెండో కాలు పోల్చుకోవడానికి. ఆరు నెలల తర్వాత ఆ వ్యాయామం చేసిన కాలికి హాని కనిపించలేదు. నలుగురితో ఏం తేలుతుందని అడగొచ్చు, కానీ అప్పటి భయానికి ఆ పరీక్ష వేసుకున్నది సరైన ప్రశ్నే.

అసలు విషయం జన్యువు దొరికాకే అర్థమైంది. 1986, 87ల్లో బోస్టన్‌లో కుంకెల్ బృందం డ్యూషెన్‌కు కారణమైన జన్యువునీ, అది తయారుచేసే డిస్ట్రోఫిన్ ప్రోటీన్‌నీ గుర్తించింది. కండర కణం చుట్టూ ఉండే పొర, లాగుడుకు చిరిగిపోకుండా ఈ ప్రోటీన్ కాపాడుతుంది. 1993లో డిస్ట్రోఫిన్ లేని ఎలుకల మీద చేసిన ప్రయోగంలో కండరం సాగుతూ పనిచేసినప్పుడే పొర ఎక్కువగా చిరుగుతోందని తేలింది. నిండు బిందెను ఎత్తడం ఒక పని, దాన్ని మెల్లగా కిందికి దించడం ఇంకో పని. దించేటప్పుడు కండరం సాగుతూనే బరువును పట్టుకుని ఉంటుంది. మెట్లు దిగడం, గుంజీల్లో కిందికి కూర్చోవడం కూడా అంతే. మా వాడికి స్కూల్లో చేయించింది సరిగ్గా అదే అని చదివిన రోజు నాకు అన్నం సహించలేదు.

ఆ తర్వాత పరిశోధన ఏ రకం, ఎంత, ఎవరికి అన్న ప్రశ్నల వైపు తిరిగింది. 2008లో డెన్మార్క్‌లో బెకర్ రకం ఉన్నవాళ్లు 12 వారాలు సైకిల్ తొక్కితే ఆక్సిజన్ వాడుకునే శక్తి బాగా పెరిగింది, కండరాలకు నష్టం కనబడలేదు. డ్యూషెన్ కన్నా బెకర్ తీవ్రత తక్కువ కాబట్టి దాన్ని అన్నిటికీ వర్తింపజేయకూడదు. 2013లో నెదర్లాండ్స్‌లో 30 మంది డ్యూషెన్ అబ్బాయిలతో చేసిన పరీక్ష మాకు దగ్గరగా అనిపించింది. మోటార్ సాయం చేసే సైకిల్ మీద, వారానికి ఐదు రోజులు, కాళ్లకు 15 నిమిషాలు, చేతులకు 15 నిమిషాలు, 24 వారాలు. తొక్కినవాళ్ల కదలికల స్కోరు దాదాపు నిలబడింది, తొక్కనివాళ్లది తగ్గింది. జబ్బు ఆగిందని కాదు, కానీ ఆరు నెలలు ఉన్న శక్తిని నిలుపుకోవడం ఈ ఇళ్లలో ఎంత పెద్ద విషయమో మాకు తెలుసు.

2010లోనూ, మళ్లీ 2018లోనూ వచ్చిన అంతర్జాతీయ చికిత్స మార్గదర్శకాలు ఇటే మొగ్గుతాయి: ఈత, సైకిల్ లాంటి తేలికైన వ్యాయామం, చీలమండ బిగుసుకోకుండా రోజూ స్ట్రెచింగ్, రాత్రి స్ప్లింట్లు (పాదాన్ని సరైన కోణంలో పట్టి ఉంచే పట్టీలు), బరువులు ఎత్తే కసరత్తులు వద్దు. గుండె కండరం కూడా దెబ్బతినే జబ్బు కాబట్టి మొదలుపెట్టే ముందు గుండె పరీక్ష తప్పదు. వ్యాయామం చేసిన మర్నాడు కూడా నొప్పి తగ్గకపోయినా, మూత్రం కోలా రంగులో వచ్చినా ఆపేసి వెంటనే డాక్టర్ దగ్గరికి వెళ్లాలి.

మేం ఫిజియోథెరపిస్ట్‌తో రాయించుకున్న కాగితం స్కూల్లో ఇచ్చాం. ఇప్పుడు పీఈటీ పీరియడ్‌లో వాడికి స్కోరు రాసే పని ఇస్తున్నారు, క్లాస్‌రూమ్ కింది అంతస్తులోకి మార్చారు. స్ట్రెచింగ్ మా అక్కే చేయిస్తుంది, రోజూ పడుకునే ముందు, వాడు కథ చెప్పించుకుంటూ.