హాజరు పట్టీలోంచి పేరు పోవడానికి ఎన్నేళ్లు?

విజయవాడలో చెన్నై వైపు ప్యాసింజర్ ఎక్కితే బాపట్ల దాటాక, చీరాల రాకముందే ఓ చిన్న స్టేషన్ వస్తుంది. బోర్డు మీద స్టూవర్టుపురం అని ఉంటుంది. ఆ పేరు చదవగానే "దొంగల ఊరు కదా" అనేవాళ్లు బోగీలో ఇప్పటికీ ఒకరిద్దరు ఉంటారు. ఆ ఊళ్లో వ్యవసాయం చేసుకునేవాళ్లు, చదువుకుని ఉద్యోగాల్లో స్థిరపడినవాళ్లు ఉన్నారు. అయినా పేరు మాత్రం అక్కడే ఆగిపోయింది.

ఈమధ్య విజయవాడ, గుంటూరుల్లో గంజాయి కేసులో కుర్రాళ్లు దొరికారని వార్త వస్తే చాలు, "ఇక వాళ్లు మారరండీ" అనేస్తున్నాం. అలా అనేముందు ఈ ఊరి చరిత్ర ఒకసారి చూడాలి.

స్టూవర్టుపురంలో ఎక్కువమంది ఎరుకల వాళ్లు. ఆ కుటుంబాల్లో చాలామంది ఒకప్పుడు వ్యాపారులే. గాడిదలు, ఎద్దుల మీద కోస్తా ఉప్పును లోపలి ఊళ్లకు తీసుకెళ్లి, ధాన్యం తెచ్చుకునేవారు. ఉప్పు ఎరుకల అనే పేరు అలా వచ్చిందే. పందొమ్మిదో శతాబ్దం రెండో సగంలో రైళ్లు వచ్చాయి, ఉప్పు మీద సర్కారు పట్టు బిగిసింది, 1876-78 కరువు పడింది. బతుకుతెరువు పోయింది. ఊరూరా తిరిగేవాళ్లంటే బ్రిటిష్ అధికారులకు మొదటి నుంచీ అనుమానమే. ఉత్తరాదిన 1871లో తెచ్చిన నేరస్థ జాతుల చట్టం 1911లో మద్రాసు రాష్ట్రానికీ వచ్చింది. దాంతో నేరం చేయకపోయినా పుట్టుకతోనే అనుమానితులయ్యారు.

ఆ తర్వాత రెండు మూడేళ్లకే సెటిల్‌మెంట్లు, అంటే అలాంటి కుటుంబాలను ఒకచోట కాపలా కింద ఉంచే ఊళ్లు, మొదలయ్యాయి. స్టూవర్టుపురానికి ఆ పేరు అప్పటి మద్రాసు ప్రభుత్వంలోని హెరాల్డ్ స్టూవర్ట్ పేరు మీదుగా వచ్చింది. నిర్వహణ సాల్వేషన్ ఆర్మీ అనే క్రైస్తవ సేవా సంస్థది. విజయవాడకు ఆవలి ఒడ్డున సీతానగరంలోనూ ఒక సెటిల్‌మెంట్ ఉండేది. వేలిముద్రలు తీసుకునేవారు, రోజూ పేరు పిలిచి హాజరు వేసేవారు. పొలిమేర దాటాలంటే అనుమతి కావాలి. చీరాల పొగాకు ఫ్యాక్టరీలో స్టూవర్టుపురం వాళ్లు కూలీలుగా పనిచేశారు. పని దొరికిన మాట నిజమే, కానీ అది కాపలా కింద చేసే పని. ఇలాంటి చోట మనిషి మారాడో, భయపడి ఊరుకున్నాడో ఎవరు చెప్పగలరు?

దేశమంతటా ఆ చట్టం 1952 ఆగస్టు 31న రద్దయింది. కానీ అలవాటు నేరస్థుల చట్టాలు దాని స్థానంలోకి వచ్చాయి. చుట్టుపక్కల ఎక్కడ దొంగతనం జరిగినా ముందు ఈ ఊరి వైపే చూసే అలవాటు పోలీసులకూ పోలేదు, జనానికీ పోలేదు.

1970ల్లో విజయవాడ పటమటలోని నాస్తిక కేంద్రం నుంచి హేమలతా లవణం, లవణం దంపతులు అక్కడికి వెళ్లారు. ఆమె కులవివక్షను ఎదుర్కొన్న కవి గుర్రం జాషువా కూతురు, ఆయన ఆ కేంద్రాన్ని స్థాపించిన గోరా కొడుకు. పుట్టుకను బట్టి మనిషికి ముద్ర వేస్తే ఎలా ఉంటుందో ఆమెకు తన ఇంట్లోనే తెలుసు. వాళ్లు దొంగతనం మానమని చెప్పి తిరిగి రాలేదు. ఇళ్లల్లో కూర్చుని మాట్లాడారు, అటు ప్రభుత్వంతోనూ మాట్లాడారు, పిల్లల చదువు పట్టించుకున్నారు. పని ఏళ్ల తరబడి సాగింది. నాకు ఇందులో అన్నిటికన్నా విలువైనదిగా కనిపించేది ఆ ఓపికే.

ఈ ఓపిక ఎందుకు అవసరమో అమెరికాలో జరిగిన ఒక పరిశోధన చెబుతుంది. బోస్టన్ ప్రాంతంలో బాల నేరస్థుల బడుల్లో ఉన్న 500 మంది అబ్బాయిల వివరాలను 1940ల్లో గ్లూక్ దంపతులు సేకరించారు. ఆ కాగితాలు హార్వర్డ్‌లో ఒక నేలమాళిగలో పడి ఉంటే లాబ్, శాంప్సన్ అనే ఇద్దరు పరిశోధకులు బయటికి తీశారు. ఆ అబ్బాయిల్లో కొందరిని డెబ్బై ఏళ్ల వయసులో వెతికి పట్టుకున్నారు. దాదాపు అందరూ ఏదో ఒక వయసులో నేరాలు మానేశారు లేదా బాగా తగ్గించేశారు. ఎవరు ఎప్పుడు మానేస్తారో చిన్ననాటి వివరాలు చూసి చెప్పడం మాత్రం సాధ్యం కాలేదు. నిలకడైన ఉద్యోగం, మంచి సంసారం, సైన్యంలో చేరడం లాంటివి చాలామందికి మలుపయ్యాయి.

మత్తు విషయంలోనూ ఇలాంటిదే కనిపించింది. వియత్నాం యుద్ధంలో ఉన్న అమెరికా సైనికుల్లో ఐదుగురిలో ఒకరు హెరాయిన్‌కు బానిసలయ్యారు. ఇంటికి తిరిగొచ్చాక మొదటి ఏడాదిలో వాళ్లలో మళ్లీ ఆ ఊబిలో పడింది నూటికి ఐదుగురే. చోటు మారింది, చుట్టూ ఉన్న మనుషులు మారారు. మన దగ్గర డీఅడిక్షన్ సెంటర్ నుంచి బయటికొచ్చిన వాడు పాత వీధికే, పాత స్నేహితుల మధ్యకే వస్తాడు. దారిలోనే వైన్ షాపు. మళ్లీ తాగితే "అన్ని డబ్బులు పోసింది దండగ" అంటారు ఇంట్లోవాళ్లు. తాగుడు మానే క్రమంలో మళ్లీ జారడం చాలా మామూలని వాళ్లకి ముందే ఎవరైనా చెప్పాలి. లేకపోతే ఆ టెన్షన్‌తోనే ఇల్లు విరిగిపోతుంది. 1995 జనవరి 16న రాష్ట్రంలో మద్య నిషేధం వచ్చి 1997లో సడలిపోయింది. దుకాణం మూతపడితే అలవాటూ పోతుందనుకుంటే అంత సులువు కాలేదు.

ఇక ఇల్లు. విజయవాడ జంక్షన్‌కు ఏ రైలెక్కి పారిపోయిన పిల్లలైనా చేరతారు. 1989 నుంచి నవజీవన్ బాలభవన్ అలాంటి పిల్లల కోసం పనిచేస్తోంది. పెద్దవాళ్లకు దిక్కు తక్కువ. నగరాల్లో లక్ష మంది జనాభాకు ఒక నైట్ షెల్టర్ ఉండాలని సుప్రీంకోర్టు 2010లో ఆదేశించింది. పడుకోవడానికి చోటుతో పాటు అడ్రసు కూడా ముఖ్యం. అడ్రసు లేకపోతే ఆధార్‌లో మార్పులు, బ్యాంకు ఖాతా, పని అన్నీ కష్టమే. పని లేనివాడు మళ్లీ ప్లాట్‌ఫారం మీదికే వస్తాడు, అక్కడ వైట్‌నర్ పీల్చే బ్యాచ్ ఎదురుచూస్తుంటుంది. దొంగతనం, మత్తు, నిలువ నీడ లేకపోవడం ఒకదాన్నొకటి లాక్కొస్తాయి. వీటిలో ఒక్కదాన్నే సరిచేస్తే మిగతా రెండూ మళ్లీ వెనక్కి లాగుతాయి.

ఆటోనగర్‌లో లారీ బాడీ షెడ్డులో పనికి కుదిరిన కుర్రాణ్ణి ఊహించండి. మూడేళ్లుగా ఒక్క కేసూ లేదు. పాత రౌడీషీటు మాత్రం ఉంది కాబట్టి ఆదివారం కౌన్సెలింగ్‌కు స్టేషన్‌కు వెళ్లాలి. సెటిల్‌మెంట్లో పేరు పిలిస్తే పలికినట్టే వెళ్లి నిలబడాలి. యజమాని ఎక్కడికని అడిగితే ఏం చెప్పాలి? నడవడిక బాగుంటే షీటు మూసేయమని అడగొచ్చు. ఆ సంగతి అతనికి చెప్పేవాళ్లు, అర్జీ రాసిపెట్టేవాళ్లు, వెంట వెళ్లి కూర్చునేవాళ్లు కావాలి.