హాంకాంగ్ నియాన్ బోర్డులు: అపోహలు - వాస్తవాలు

హాంకాంగ్‌లో దించేసిన పాత దుకాణాల నియాన్ బోర్డులను, అంటే గాజు గొట్టాల్లో నియాన్ వంటి వాయువును నింపి కరెంటుతో వెలిగించే బోర్డులను, భద్రపరచడం నా వృత్తి. ఏం పని చేస్తావని అడిగినవారు ఆ తరువాత అనే మాటలు దాదాపు ఒకేలా ఉంటాయి కనుక, వాటికి ఒకచోట సమాధానం రాస్తున్నాను.

అపోహ: నియాన్ పాశ్చాత్యులది, దాన్ని చైనా సంప్రదాయ హస్తకళల్లో చేర్చడం అతిశయోక్తి.

వాస్తవం: దీపం పడమటి నుంచి వచ్చిందే, ఫ్రెంచ్ ఇంజనీరు జార్జ్ క్లాడ్ దాన్ని 1910లో పారిస్‌లో ప్రదర్శించాడు. అయితే హాంకాంగ్ బోర్డుకు తొలి అడుగు గాజు కాదు, కుంచె. దుకాణం పేరును ముందుగా చేయి తిరిగిన రాతగాడు రాసి ఇవ్వాలి. చాలా బోర్డుల్లో కనిపించే ‘బేవేయి’ శైలికి మూలం చైనాలోని ఉత్తర వేయి రాజ్యకాలపు (386-534) శిలాశాసనాలు. గీతలు లావుగా, బిగువుగా ఉండడం వల్ల వీధి ఆ చివరి నుంచి కూడా అక్షరాలు చదవవచ్చు. తాకట్టు దుకాణాల బోర్డు నాణేన్ని పట్టుకున్న గబ్బిలం ఆకారంలో ఉంటుంది. హాంకాంగ్‌లో మాట్లాడే కాంటనీస్ భాషలో గబ్బిలం పేరులోని చివరి అక్షరానికీ భాగ్యానికీ ఉచ్చారణ ఒకటే, ‘ఫుక్’.

అపోహ: గాజు గొట్టాలను అచ్చులతో తయారు చేస్తారు.

వాస్తవం: అచ్చు లేదు. బోర్డు ఎంత ఉంటుందో అంత నమూనాను కాగితం మీద తిరగేసి గీసి బల్లపై పరుస్తారు. కార్మికుడు గొట్టాన్ని మంటపై తిప్పుతూ, అది మెత్తబడిన కొద్ది క్షణాల్లోనే నమూనా మీదికి తెచ్చి వంచాలి; వంపు దగ్గర గొట్టం నొక్కుకుపోకుండా, నోట పట్టుకున్న సన్నని రబ్బరు గొట్టం గుండా అదే సమయంలో మెల్లగా ఊదుతూ ఉండాలి. చైనా అక్షరంలో గీతలు విడివిడిగా ఉంటాయి, గాజు మాత్రం తెగకుండా సాగాలి. అందుకని ఒక గీత నుంచి మరో గీతకు వెళ్ళే భాగానికి నల్లరంగు పూస్తారు. రాత్రి మనం చదివేది ఆ నలుపు దాచగా మిగిలిన వెలుగును.

అపోహ: రంగులన్నీ నియాన్‌వే.

వాస్తవం: నియాన్ ఇచ్చేది నారింజ కలిసిన ఎరుపే. నీలానికి ఆర్గాన్ అనే మరో వాయువు, పాదరసం కావాలి.

అపోహ: ఎల్‌ఈడీ వల్లనే ఈ కళ పోయింది.

వాస్తవం: ఇది సగం నిజం. ఎల్‌ఈడీ చవక, కరెంటు ఖర్చూ తక్కువ. మన ఊళ్ళలో ఫ్లెక్సీలు వచ్చాక బోర్డులు రాసే ఆర్టిస్టులు ఏమయ్యారో చూసినవారికి వివరించనక్కరలేదు. రెండో సగం భవన నిబంధనలు. అనుమతి లేకుండా రోడ్డు మీదికి వేలాడుతున్న బోర్డులను తనిఖీ చేయించుకునే పథకం 2013లో మొదలైంది; ఆ ఖర్చు భరించలేని చిన్న దుకాణాలు బోర్డును దించేయడమే మేలనుకున్నాయి. భద్రత కోసం పెట్టిన నిబంధనను నేను తప్పుపట్టను, కానీ తుప్పు పట్టిన ఇనుప చట్రం సమస్యకు గాజును బలిపెట్టవలసిన పని లేదు.

అపోహ: మ్యూజియంలో చేరితే దక్కినట్లే.

వాస్తవం: 2015లో దించిన ‘సామీస్ కిచెన్’ రెస్టారెంటు ఆవు బోర్డు హాంకాంగ్‌లోని ఎం ప్లస్ మ్యూజియానికి చేరింది, సంతోషమే. కాని బోర్డు దక్కడం వేరు, విద్య దక్కడం వేరు. ఒకసారి మా గిడ్డంగిలో ఒక గొట్టం పగిలితే, ఆ వంపు మళ్ళీ తీయించడానికి డెబ్బై దాటిన కార్మికుడి దగ్గరికే వెళ్ళవలసి వచ్చింది. ఆయన పగిలిన ముక్కను వెలుతురులో రెండుసార్లు తిప్పి చూసి, అక్షరం రాసిందెవరో, గాజు వంచిందెవరో చెప్పాడు. ఆ రెండు పేర్లూ మా రిజిస్టరులో లేవు.