మాలోస్ బే: కాల్చి వదిలేసిన ఓడల మధ్య కయాకింగ్

అమెరికాలోని మేరీల్యాండ్ రాష్ట్రంలో, వాషింగ్టన్‌కు దాదాపు 40 మైళ్లు దక్షిణాన పొటోమాక్ నది ఒడ్డు కొద్దిగా లోపలికి వంగుతుంది. ఆ వంపే మాలోస్ బే. అక్కడా, ఆ చుట్టుపక్కలా వందకు పైగా చెక్క ఆవిరి ఓడలు బురదలో కూరుకుపోయి ఉన్నాయి. తుపానుకో, శత్రువు దాడికో మునిగినవి కావవి. మనుషులే లాక్కొచ్చి, తగలబెట్టి, వదిలేశారు. 2019లో ఇక్కడి 18 చదరపు మైళ్ల నదిని జాతీయ మెరైన్ శాంక్చువరీగా (రక్షిత జలప్రాంతంగా) ప్రకటించారు. వర్జీనియా, మేరీల్యాండ్‌లలో ఉండే మన తెలుగువాళ్లు పొద్దున బయల్దేరి సాయంత్రానికి ఇల్లు చేరొచ్చు. అయితే మీకు ఏం కనిపిస్తుందన్నది మీరు కయాక్‌తో (తెడ్డుతో నడిపే సన్నటి చిన్న పడవతో) ఏ వేళకు నీళ్లలో దిగారన్నదాని మీద ఆధారపడి ఉంటుంది.

1917లో అమెరికా మొదటి ప్రపంచ యుద్ధంలోకి దిగేనాటికి జర్మన్ జలాంతర్గాములు సరకు ఓడలను వరసగా ముంచేస్తున్నాయి. ఉక్కు కొరత. దాంతో చెక్కతో వెయ్యి ఓడలు కట్టాలని ప్రభుత్వం తలపెట్టింది. వాటిలో బాగా వాడుకలోకి వచ్చిన నమూనా పొడవు దాదాపు 280 అడుగులు, మోసే బరువు 3,500 టన్నులు. హడావుడిగా కట్టిన చాలా ఓడలు లీకయ్యాయి. 1918 నవంబరులో యుద్ధం ముగిసేసరికి కార్యక్రమం సగంలోనే ఉంది. 1922లో ఒక తుక్కు కంపెనీ 233 ఓడలను ఏడున్నర లక్షల డాలర్లకు కొంది. యంత్రాలు, లోహం ఊడబీకి, మిగిలిన చెక్కను కాల్చడం దాని పద్ధతి. 1925 నవంబరు 7న ఒకేసారి 31 ఓడలకు నిప్పు పెట్టారు. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో మరో కంపెనీ మిగిలిన లోహం కోసం వచ్చి, పని పూర్తికాకుండానే వెళ్లిపోయింది.

నీళ్లలో పడి ఉన్న చెక్క వందేళ్లు ఎలా నిలిచింది? మొదటి కారణం ఉప్పు లేకపోవడం. సముద్రంలో చెక్కకు అసలు శత్రువు ఓడపురుగు. పేరుకు పురుగే గానీ, నిజానికి అది నత్తల, ఆల్చిప్పల జాతికి చెందిన జీవి. దూలంలోకి సొరంగాలు తవ్వి లోపలంతా డొల్ల చేస్తుంది. విశాఖపట్నం హార్బరులో దీని మీద దశాబ్దాలుగా పరిశోధన సాగుతోంది. తగినంత ఉప్పు లేని నీళ్లలో ఇది బతకలేదు. మాలోస్ బే దగ్గర సముద్రపు పోటు తగులుతుంది కానీ, నీరు దాదాపు మంచినీరే. రెండో కారణం బురద. అందులో ప్రాణవాయువు ఉండదు కాబట్టి చెక్కను తినే శిలీంధ్రాలు పెరగవు. బాక్టీరియా పని చేస్తుంది గానీ చాలా నెమ్మదిగా. మంట కూడా నీటి మట్టం దాకా వచ్చి ఆగిపోయింది. అందుకే పై భాగం పోయి అడుగు మిగిలింది. రోజూ తడిసి ఆరే అంచు మాత్రం ఇప్పటికీ కరిగిపోతూనే ఉంది. శీతకాలపు మంచు గడ్డలు కూడా దాన్ని విరగ్గొడతాయి.

కొన్ని ఓడల్లో ఒండ్రు నిండి, గింజలు పడి, పొదలూ చెట్లూ లేచాయి. దూరం నుంచి చూస్తే ఓడ ఆకారపు లంకల్లా ఉంటాయి. వాటి మీద ఆస్ప్రేలు (చేపలు పట్టే గద్దలు) గూళ్లు కడతాయి. వసంతం నుంచి వేసవి చివరి దాకా గూటికి దగ్గరగా పోకూడదు. తల్లి పక్షి లేచి అరుస్తూ మీ మీద చుట్టు తిరుగుతోందంటే మీరు అప్పటికే దగ్గరగా వెళ్లారన్నమాట.

ఇక్కడ ఆటుపోట్ల తేడా సుమారు ఒకటిన్నర అడుగులే. ఆ కాస్తే చాలు, ఓడ కనిపించడానికీ కనిపించకపోవడానికీ. పూర్తి పోటులో చాలావాటి మీదుగా తెలియకుండానే వెళ్లిపోతారు. పాటు (నీరు వెనక్కి తీయడం) బాగా తీసినప్పుడు పక్క చట్రాలు వరసలుగా బయటపడతాయి. నీళ్లు పూర్తిగా తీయడానికి రెండు గంటల ముందు దిగి, మళ్లీ పోటు మొదలయ్యాక తిరిగి రావడం మంచిది. అప్పుడు ఎక్కడైనా బురదలో చిక్కినా నీరు పెరుగుతూ ఉంటుంది. ఆటుపోట్ల వేళలు చెప్పే పట్టికను మాత్రం గుడ్డిగా నమ్మకండి. వాయవ్యం నుంచి గాలి గట్టిగా వీస్తే నీరు పట్టికలో చెప్పినదానికంటే దిగువకు పోతుంది. దక్షిణపు గాలి నీటిని పైకి తోస్తుంది.

అసలు ప్రమాదం మేకులు. దూలాలను కలపడానికి దాదాపు అంగుళం లావు ఇనుప కడ్డీలు దిగ్గొట్టారు. చుట్టూ ఉన్న చెక్క కాలి, కుళ్లి పోయినా కడ్డీలు నిటారుగా అలాగే ఉన్నాయి. నీటి పైకి కనిపించేవాటితో భయం లేదు. నాలుగంగుళాల లోతున దాగినవే పడవ అడుగును చీలుస్తాయి. కాబట్టి పాటు పూర్తయినప్పటి కంటే నీరు సగంలో ఉన్నప్పుడే జాగ్రత్త ఎక్కువ కావాలి. నీటిపై రెండు వరసల కడ్డీలు కనిపిస్తే అవి ఓడ రెండు పక్కలు. వాటి మధ్య నుంచి దూసుకుపోకుండా బయటి అంచు వెంట తెడ్డుతో లోతు చూసుకుంటూ వెళ్లండి.

గాలి నింపే పడవలు ఇక్కడికి పనికిరావు. మందపాటి ప్లాస్టిక్ కయాక్, పది పన్నెండు అడుగులది, సరిపోతుంది. చుక్కాని ఉంటే పైకి లేపి ఉంచండి. కడ్డీకి చిక్కుకుంటే అటూ ఇటూ ఊగొద్దు, చిల్లు పెద్దదవుతుంది. బరువు వెనక్కి వేసి, వచ్చిన దారినే నేరుగా వెనక్కి తెడ్డు వేయాలి. దిగి నడవాలనే ఆలోచన వద్దు: అడుగున మెత్తటి బురద, అందులో ఇనుము. లైఫ్ జాకెట్, విజిల్, నీళ్లు తోడే పంపు, గట్టి అరికాలు బూట్లు తప్పనిసరి.

ఆకులు రాకముందు, అంటే మార్చి, ఏప్రిల్ నెలల్లో ఓడలు బాగా కనిపిస్తాయి. కానీ నీరు ప్రాణాలు తీసేంత చల్లగా ఉంటుంది. 15 డిగ్రీల సెల్సియస్ కంటే తక్కువైతే వెట్‌సూట్ (చల్లటి నీటి నుంచి ఒంటిని కాపాడే బిగుతు దుస్తులు) లేకుండా దిగొద్దు. వేసవి ముదిరాక హైడ్రిల్లా నాచు తెడ్డుకు చుట్టుకుని పావు మైలు కూడా కష్టమవుతుంది.

అందరూ ఫొటో తీసుకునే తుప్పుపట్టిన పెద్ద ఉక్కు ఓడ అకోమాక్ అసలు ఈ జట్టుది కానే కాదు. అది 1928 నాటి ఫెర్రీ, ఆ తర్వాతెప్పుడో తెచ్చి పడేశారు. దాని రేకులు విరిగి పడేలా ఉంటాయి, కిందికి వెళ్లొద్దు. ఏ ఓడ మీదా ఎక్కకూడదు, తాడు కట్టకూడదు, ఒడ్డున పడి ఉన్న మేకును కూడా తీసుకోకూడదు. ఇక్కడ అది చట్టరీత్యా నేరం.